చేతికి ఎంత? కట్టేది ఎంత?



ధ్యాన భాగములు: యిర్మీయా 32:6-15, సామెతలు 6:1-5

ఈ వారం మేము వ్రాస్తున్నది సాక్ష్యం కాదు, ఒప్పుకోలు. మందిరంలో కొంత చెప్పాము. ఆ రోజు రానివారు ఉన్నారు, ఊరిలో లేనివారూ ఉన్నారు. మీ ఇళ్లలోనూ ఇలాంటి కాగితాలు బీరువాలోనో, బట్టల పెట్టె అడుగునో ఉండే ఉంటాయి. అందుకే పూర్తిగా వ్రాస్తున్నాము.

కిందటి సంవత్సరం మిరపకోతలకు కొంచెం ముందు, ఒక ఫైనాన్సు కంపెనీ కుర్రవాడు బైకు మీద మన ఊరు వచ్చాడు. తిన్నగా మందిరం పక్కనున్న మా ఇంటికే వచ్చాడు. "వందనాలండీ అయ్యగారూ" అన్నాడు. చెప్పులు బయట విడిచి వరండాలో చాప మీద కూర్చున్నాడు. తమ ఊళ్లో తానూ మందిరానికి వెళతానన్నాడు. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. "ఆడవాళ్లకు తాకట్టు లేకుండా అప్పు ఇస్తున్నామండీ. నూటికి రూపాయే వడ్డీ. మీ సంఘంలో అవసరం ఉన్నవాళ్లుంటే చెప్పండి" అన్నాడు.

నూటికి రూపాయి అనగానే మాకు సంతోషం కలిగింది. మన ఊళ్లో రెండు రూపాయలకు తక్కువ చేబదులు పుట్టదు. అవసరాన్ని బట్టి మూడు, ఐదు కూడా తీసుకుంటారు. దేవుడు ఒక తలుపు తెరిచాడనుకున్నాము. ఆ వారం స్త్రీల కూడికలో, "మంచి పిల్లవాడిలా ఉన్నాడమ్మా, అవసరం ఉన్నవాళ్లు మాట్లాడుకోండి" అని చెప్పాము. ఆరుగురు సహోదరీలు ఒక గ్రూపుగా చేరి, తలా 40,000 తీసుకున్నారు. డబ్బు వచ్చిన రోజు ఆ ఆరుగురినీ నిలబెట్టి ప్రార్థన కూడా చేశాము.

ఒక్క కాగితం చదవలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ ఆరుగురిలో ఒక సహోదరి గేదెను కొనుక్కుంది. తన దగ్గరున్న డబ్బుకు ఈ అప్పు కలిపి కొంది. పూటకు మూడు నాలుగు లీటర్లు కేంద్రంలో పోస్తూ, పిల్లవాడి చదువు నడుపుకుంటూ ఉంది. అయిదారు నెలలు గడిచాక ఆమె ఆదివారం ఆరాధనకు రావడం తగ్గింది. బుధవారం ఉపవాస కూడికకు మాత్రం వచ్చి వెనుక గోడకు ఆనుకొని కూర్చునేది. "అయ్యగారూ, లెక్క తెగట్లేదు, ప్రార్థన చెయ్యండి" అనేది. మేము తల మీద చేయి ఉంచి ప్రార్థన చేసేవాళ్లం. వరుసగా మూడు వారాలు అలాగే చేశాము.

మూడో వారం ఆమె వెళ్లిపోయాక అమ్మగారు అన్నారు: "లెక్క తెగట్లేదు అంటోంది కదా, ఆ లెక్క ఏమిటో మనం ఒక్కసారైనా అడిగామా?"

మాలో లెక్కలు వచ్చినది అమ్మగారికే. మర్నాడు పొద్దున్నే ఆ సహోదరి ఇంటికి వెళ్లాము. ఆమె ముందు సిగ్గుపడింది. తర్వాత బియ్యం డబ్బా వెనుక నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. అందులో లోన్ కార్డు, నాలుగైదు పేజీల ఇంగ్లీషు కాగితాలు, బ్యాంకు పాసుబుక్కు ఉన్నాయి. "ఇవి సంతకం పెట్టేటప్పుడు చదివించుకోలేదా తల్లీ?" అని అడిగాము. ఆమె మమ్మల్ని చూసి, ఏ కోపమూ లేకుండా అన్నది: "మంచి పిల్లవాడని మీరన్నారు కదా అయ్యగారూ. ఇంకా చదివేదేముంది?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సామెతలు 6వ అధ్యాయం మొదటి అయిదు వచనాలు మేము ఎన్నోసార్లు చెప్పినవే. పొరుగువాని కోసం పూటపడి, నోటి మాటచేత చిక్కుపడినవాడు ఏం చేయాలో సొలొమోను అక్కడ బోధిస్తాడు. కన్నులకు నిద్ర రానియ్యకుండా లేచి వెళ్లాలి. తన్ను తాను తగ్గించుకోవాలి. విడుదల దొరికేదాకా బతిమాలుకోవాలి. మేము ఏ కాగితం మీదా పూచీ సంతకం పెట్టలేదు. కాని మా నోటి మాటే ఆ ఆరుగురికి పూచీ అయింది. ఆ మాటను అంత చౌకగా ఇచ్చేశాము.

ఇక లెక్క చెబుతాము. దయచేసి ఓపికగా చదవండి. ఇది ఆ సహోదరి అనుమతితోనే వ్రాస్తున్నాము.

అప్పు 40,000. రెండు సంవత్సరాలు, అంటే 24 నెలలు. నూటికి నెలకు రూపాయి చొప్పున 40,000కు నెలకు 400, 24 నెలలకు 9,600 వడ్డీ. అసలూ వడ్డీ కలిపి 49,600. దాన్ని 24తో భాగిస్తే నెలకు 2,067. ఇంతవరకు కుర్రవాడు చెప్పిన మాట నిజమే అనిపిస్తుంది.

కాని ఆలోచించండి. ఆమె నెలనెలా అసలులో కొంత తీరుస్తూనే ఉంది. ఏడాది గడిచేసరికి ఆమె దగ్గర మిగిలి ఉన్నది ఆ నలభై వేలల్లో సుమారు సగమే. కాని వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 40,000 మీదే వేశారు. తిరిగి ఇచ్చేసిన డబ్బుకు కూడా వడ్డీ కడుతున్నట్టు. తగ్గుతున్న బాకీ మీద సరిగ్గా లెక్క కడితే అది నూటికి రూపాయి కాదు, రూపాయి ఎనభై పైసలు. దీనిని ఫ్లాట్ వడ్డీ అంటారు. "ఫ్లాట్" అన్న మాట వినబడితే, చెప్పిన వడ్డీ ఇంచుమించు రెట్టింపు దగ్గరకు పోతుందని గుర్తుపెట్టుకోండి.

రెండవది, ఆమె చేతికి 40,000 రాలేదు. ప్రాసెసింగ్ ఫీజు 800, దాని మీద జీఎస్టీ 144, బీమా 1,056, ఆరోగ్య కార్డు అని 400. అన్నీ కలిపి 2,400 కోసుకొని, 37,600 ఖాతాలో వేశారు. పాసుబుక్కులో ఆ అంకె కళ్లెదుటే ఉంది. చేతికి వచ్చింది 37,600, కట్టేది 49,600. అంటే పన్నెండు వేలు అదనం. ఈ కోతలన్నీ కలిపి చూస్తే, నూటికి రూపాయి అన్నది నూటికి రెండు రూపాయల ముప్పై అయిదు పైసలైంది. మన ఊరి వడ్డీ వ్యాపారిని తప్పించుకుని వెళ్లి, అంతకంటే కొంచెం ఎక్కువే ఒప్పుకొని వచ్చాము.

మాకు ఎక్కువ బాధ కలిగించిన సంగతి ఏమిటంటే, ఆ నిజం ఆమె ఇంట్లోనే ఉంది. ఆ ఇంగ్లీషు కాగితాలలో ఒకదాని పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. అప్పు గురించిన ముఖ్యాంశాల పత్రం అది. దానిలో ఏపీఆర్ అని ఒక గడి ఉంటుంది. ఫీజులు, బీమా కూడా కలుపుకొని ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం అందులో వ్రాయాలి. ఆమె కాగితంలో 27 శాతం అని ఉంది. ఆ ఆరోగ్య కార్డును అందులో కలపలేదు. కలిపితే 28 దాటుతుంది. కుర్రవాడి నోటిలో పన్నెండు, కాగితం మీద ఇరవై ఏడు. నోటి మాటకు, కాగితం మాటకు మధ్య ఉన్న ఆ దూరంలోనే మన బిడ్డలు పడిపోతున్నారు.

2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులన్నిటికీ ఈ పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులోని సంగతులు వివరించి చెప్పి, అర్థమైందని సంతకం తీసుకోవాలి. వారం రోజులు గాని, అంతకు మించి గాని గడువున్న అప్పయితే, ఆ పత్రం ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాలు ఇవ్వాలి. ఆ పత్రంలో చూపని ఏ చార్జీనీ అప్పు తీసుకున్నవారి స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. "ఇప్పుడే సంతకం పెట్టకపోతే రేపు ఉండదు" అని ఎవరైనా తొందరపెడితే, ఆ మూడు రోజుల మాట గుర్తు చేయండి.

మూడవది పాసుబుక్కులో బయటపడింది. ఆమె పాల బిల్లు నెలకు రెండుసార్లు, 5వ తేదీన, 20వ తేదీన పడుతుంది. కంపెనీవారు కిస్తీని ఖాతా నుంచి నేరుగా 3వ తేదీన లాగుతారు. ఈనిన కొత్తలో చేతిలో కాస్త మిగులు ఉండేది కాబట్టి సరిపోయింది. పాలు తగ్గాక మూడు నెలలు 3వ తేదీన ఖాతాలో డబ్బు చాలలేదు. చాలని ప్రతిసారీ బ్యాంకు 250, జీఎస్టీతో 295 కోసింది. కంపెనీ బౌన్సు చార్జీ అని మరొక 590 వేసింది. రెండు రోజుల తేడాకు నెలకు 885. మూడు నెలలకు 2,655. అంటే ఒక నెల కిస్తీ కంటే ఎక్కువ డబ్బు, ఒక పైసా అప్పు తీరకుండా పోయింది. లెక్క తెగకపోవడానికి ఇదే కారణం. తాను ఎక్కడో తప్పు చేస్తున్నానని ఆ తల్లి అనుకుంది. తన పాపాలకు శిక్షేమోనని కూడా అన్నది. కాదమ్మా, అది తేదీల తేడా.

ఇప్పుడు యిర్మీయా ప్రవక్త దగ్గరకు వద్దాము.

ఆ అధ్యాయం మొదటిసారి చదివినప్పుడు చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ముట్టడి వేసి ఉంది. ప్రవక్త చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. అలాంటి సమయంలో చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న పొలం కొనుక్కోమంటాడు. దేవుడు ముందే చెప్పిన సంగతి గనుక యిర్మీయా కొంటాడు. అమ్మేది రక్తసంబంధి. కొనమన్నది సాక్షాత్తు దేవుడు. ఇంతకంటే నమ్మకమైన బేరం లోకంలో ఉంటుందా?

అయినా ఆయన ఏం చేశాడో చూడండి. పదిహేడు తులాల వెండిని త్రాసులో తూచి ఇచ్చాడు. క్రయపత్రం వ్రాసి ముద్ర వేశాడు. సాక్షులను పిలిచి, వాళ్ల చేతా సంతకాలు చేయించాడు. ఆ పత్రం రెండు ప్రతులు, ఒకటి ముద్ర వేసినది, ఒకటి తెరిచి ఉన్నది. రెండూ బారూకు చేతికిచ్చి, చాలాకాలం పాడుకాకుండా మట్టికుండలో దాచమన్నాడు. ఇదంతా యూదులు చూస్తుండగా, అందరి ఎదుట జరిగింది.

దేవుని మాట విన్నవాడే తూకం చూసుకున్నాడు. చిన్నాన్న కొడుకు దగ్గరే కాగితం వ్రాయించుకున్నాడు. అంటే కాగితం అడగడం అవిశ్వాసం కాదు, ఎదుటివారిని అవమానించడమూ కాదు. మన సంఘాలలో ఒక అలవాటు ఉంది. ఎవరైనా "వందనాలు" అంటే చాలు, ఇక అడగడం మర్యాద కాదనుకుంటాము. మనవాడే కదా, దేవుని బిడ్డే కదా అంటాము. మోసం చేయదలచినవానికి మన ఈ మర్యాదే దారి. నిజాయితీగా ఉన్నవాడు మాత్రం, కాగితం అడిగితే సంతోషంగా ఇస్తాడు.

ఆ రెండవ ప్రతి, తెరిచి ఉన్న ప్రతి గురించి మేము చాలాసేపు ఆలోచించాము. అది ఎవరైనా చదువుకోవడానికి ఉంచినది. మన ఇళ్లలో కాగితాలన్నీ ముద్ర వేసినవే. బియ్యం డబ్బా వెనుక, మనకు రాని భాషలో ఉన్నాయి. వాటిని తెరిచి ఉంచడమే ఈ రోజు మేము చెప్పదలచుకున్న మాట.

తర్వాత ఏం జరిగిందో చెబుతాము. ఆ ఆరుగురు సహోదరీలనూ పిలిచి, ముందు మేము క్షమాపణ అడిగాము. అందరి కాగితాలూ ఒక చోట పరిచాము. డిగ్రీ చదువుతున్న మన యౌవనస్థుడొకడు ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాడు. అప్పుడు రెండు విషయాలు దొరికాయి. ఆ పత్రంలో బౌన్సు చార్జీ జీఎస్టీతో 295 అని మాత్రమే ఉంది. వసూలు చేసింది 590. ఇక ఆరోగ్య కార్డుకు ఎవరూ ఒప్పుకోలేదు, లోన్ కార్డులో దాని ధర కూడా వ్రాయలేదు. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పును సూక్ష్మ రుణం అంటారు. దానితో పాటు ఇంకేదైనా అంటగట్టాలంటే తీసుకునేవారి పూర్తి సమ్మతి ఉండాలి, ధర లోన్ కార్డులోనే చూపాలి. 2022 నుంచి అమలులో ఉన్న నిబంధన ఇది.

బస్సెక్కి టౌనులోని వారి బ్రాంచికి వెళ్లాము. మేనేజరుగారు మొదట, "అందరూ సంతకాలు పెట్టినవే కదండీ" అన్నారు. గొడవ పడలేదు. తెలుగులోనే వ్రాసిన అర్జీ ఇచ్చి, జిరాక్సు మీద స్టాంపు వేయించుకున్నాము. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాస్తామని అందులో చెప్పాము. ఇరవై రోజులు దాటాక ఫోను వచ్చింది. ఆరుగురికీ కార్డు డబ్బు 400 చొప్పున తిరిగి వేశారు. ఈ సహోదరికి ఎక్కువ వసూలు చేసిన 295 చొప్పున మూడు నెలలవి 885 కూడా వచ్చాయి. కిస్తీ తేదీని 3 నుంచి 7కు మార్చారు.

వడ్డీ మాత్రం ఒక్క పైసా తగ్గలేదు. అది సంతకం పెట్టిన వడ్డీ. బ్యాంకు కోసిన 295లు కూడా తిరిగి రాలేదు. ఈ మాట దాచకుండా చెబుతున్నాము, ఎందుకంటే అర్జీ పెడితే అంతా తిరిగి వస్తుందనుకొని ఎవరూ సంతకం పెట్టకూడదు. సంతకానికి ముందు అడిగే ఒక్క ప్రశ్న, సంతకం తర్వాత పెట్టే పది అర్జీల కంటే మేలు.

ఆ తర్వాత నుంచి నెలలో రెండవ ఆదివారం ఆరాధన అయ్యాక, పాసుబుక్కులు తెచ్చుకోమని చెప్పాము. మందిరం వెనుక చెట్టు కింద కూర్చుంటాము. ఎవరి లెక్క వారికే, బయటకు చెప్పము. మొదటి నెలలోనే ఒక తాతగారు, రెండు నెలల క్రితం చనిపోయిన తన కొడుకు పాసుబుక్కు తెచ్చారు. "ఇందులో కూడా ఏదో కోశారు, చూడండి అయ్యగారూ" అన్నారు. మే నెలాఖరున 436 రూపాయలు పోయినట్టు ఉంది. అంతకు ముందు ఏడు కూడా అదే అంకె.

అది మోసం కాదు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏడాదికి 436 కడితే, ఏ కారణంతో చనిపోయినా నామినీకి రెండు లక్షలు వస్తుంది. ఆ కొడుకు బ్రతికి ఉండగా ఎప్పుడో ఫారం మీద సంతకం పెట్టాడు, ఇంట్లో చెప్పలేదు. నామినీగా భార్య పేరు ఉంది. మరణ ధృవీకరణ పత్రంతో బ్యాంకులో క్లెయిము పెట్టించాము. కొన్ని వారాలకు కోడలి ఖాతాలో డబ్బు పడింది. ఆ పాసుబుక్కు ఎవరూ తెరవకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

కాబట్టి ప్రియులారా, కోసిన ప్రతి రూపాయీ దొంగతనం కాదు, ప్రతి రూపాయీ న్యాయమూ కాదు. చదివితేనే ఏది ఏదో తెలుస్తుంది.

మీరు గుర్తుంచుకోవడానికి మూడు ప్రశ్నలు ఇస్తున్నాము. అప్పు ఇచ్చేవారు ఎవరైనా సరే, సంతకానికి ముందు అడగండి.

మొదటిది: అన్ని కోతలూ పోను నా చేతికి ఎంత వస్తుంది?

రెండవది: చివరి కిస్తీ దాకా నేను మొత్తం ఎంత కడతాను?

మూడవది: ఒక కిస్తీ ఆలస్యమైతే ఎంత వేస్తారు?

ఈ మూడు అంకెలూ కాగితం మీద చూపించమనండి. నోటితో చెప్పినది చాలదు. వడ్డీ శాతం మనకు అర్థం కాకపోయినా, చేతికి వచ్చేదీ కట్టేదీ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

ఇంకా కొన్ని మాటలు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద ఎవరికీ సంతకం పెట్టవద్దు. ఎదుటివారు ఎంత దగ్గరివారైనా సరే. అప్పు తీరిపోయిన రోజు బాకీ లేదని కాగితం వ్రాయించుకోండి. సూక్ష్మ రుణాన్ని గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఆలస్యానికి వేసే జరిమానా కట్టని మొత్తం మీదే గాని, అప్పు మొత్తం మీద వేయకూడదు. ఆ అప్పుల వసూలుకు ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 6 గంటల తర్వాత ఇంటికి రాకూడదు, ఫోను చేయకూడదు. అప్పుతో సంబంధం లేకుండా కొన్న బీమా పాలసీ మీరు అనుకున్నది కాదని తెలిస్తే, పాలసీ కాగితం అందిన ముప్పై రోజుల లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు.

మన యౌవనస్థులకు ఒక మాట. ఫోనులో నిమిషాల మీద అప్పు ఇస్తామనే యాప్‌లు ఉన్నాయి. అప్పు ఇచ్చే యాప్‌కు మీ ఫోనులోని నంబర్లతో, ఫోటోలతో పని లేదు. వాటిని అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది. అడిగిందంటే, రేపు మీ అమ్మకూ మీ మేనమామకూ ఫోను చేసి పరువు తీయడానికే. అప్పు రావాలంటే ముందు కొంత డబ్బు పంపమంటే అది మోసమే. అలా డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. ఆ తర్వాత మా దగ్గరకు రండి. మేము తిట్టము. మా కథ ఇప్పుడే చదివారు కదా.

బ్యాంకు మీదో, పెద్ద ఫైనాన్సు కంపెనీ మీదో అర్జీ పెట్టాలంటే ముందు వాళ్లకే వ్రాతపూర్వకంగా ఇవ్వండి. ముప్పై రోజులు చూడండి. తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. 14448కి ఫోను చేస్తే ఎలా వ్రాయాలో చెబుతారు.

ఇక ముగిస్తాము. నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయంలో జనులు కేకలు వేస్తారు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి ధాన్యం తెచ్చుకున్నామని, బిడ్డలు దాసులవుతున్నారని. నెహెమ్యాకు కోపం వచ్చింది. కాని కోపంతోనే ఊరుకోలేదు, ప్రార్థనతోనే సరిపెట్టుకోలేదు. అప్పులిచ్చిన ప్రధానులను పిలిపించి, సమాజం ఎదుట కూర్చోబెట్టి, తీసుకున్న నూరవ భాగం తిరిగి ఇవ్వమన్నాడు. నూరవ భాగం అంటే నూటికి ఒకటి. మన నూటికి రూపాయి లాంటిదే. గోడ కట్టే పని మధ్యలో ఆయన అప్పుల లెక్క చూశాడు. లోపల బిడ్డలు అమ్ముడైపోతుంటే బయట గోడ కట్టి ఏం లాభం?

మేము చాలా సంవత్సరాలుగా గోడ కట్టే పనిలోనే ఉన్నాము. మందిరానికి రేకులు, మైకు సెట్టు, ఉజ్జీవ కూటాలు. లోపల ఒక తల్లి బియ్యం డబ్బా వెనుక కాగితాలు దాచుకొని, తన పాపానికి శిక్ష పడుతోందని ఏడుస్తూ ఉంది. మా ప్రార్థన వినడానికి దేవుడు ఆలస్యం చేయలేదు. మా కళ్లు తెరవడానికే ఆయనకు మూడు వారాలు పట్టింది.

ఆ సహోదరి ఇప్పుడు ఆదివారాలు వస్తోంది. ఇంకా కొన్ని కిస్తీలు ఉన్నాయి. పోయిన నెల ఆ కుర్రవాడి స్థానంలో వచ్చిన కొత్త ఏజెంటు ఆమెతో, "ఈ అప్పు తీరిపోతే ఇంకా పెద్దది ఇస్తామమ్మా" అన్నాడట. ఆమె వాకిట్లోనే నిలబెట్టి అడిగిందట: "చేతికి ఎంత? కట్టేది ఎంత? కాగితం తెచ్చావా నాయనా?" ఆ మాట చెబుతూ ఆమె నవ్వింది. ఆమె నవ్వు మేము చూసి చాలాకాలమైంది.

ఈ వారం మీరు చేయవలసిన పని ఒక్కటే. మీ ఇంట్లో ముద్ర వేసినట్టు మూసి ఉన్న కాగితం ఒకటి తీయండి. చదువు వచ్చిన బిడ్డ చేత చదివించుకోండి. పరదేశంలో ఉన్నవారు ఫోనులో మీ అమ్మానాన్నల పాసుబుక్కు ఫోటో తెప్పించుకొని చూడండి. అర్థం కాకపోతే రెండవ ఆదివారం చెట్టు కిందకు తీసుకురండి.

ప్రార్థన: న్యాయమైన త్రాసును ప్రేమించే తండ్రీ, చదవకుండా పలికిన మా మాటలను క్షమించుము. అప్పులో ఉన్న నీ బిడ్డలకు సిగ్గు తీసివేసి, అడిగే ధైర్యము ఇమ్ము. అప్పు ఇచ్చేవారి నోటి మాటను కాగితపు మాటను ఒక్కటిగా చేయుము. మా ఇళ్లలో మూసి ఉన్నవాటిని తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ అయ్యగారు, అమ్మగారు